షిఫ్టుల నడుమ సైకిల్: వెలిమెల – పటాన్‌చెరు ప్రాంత బాల్య జ్ఞాపకాలపై ఒక చారిత్రక పరిశీలన

కీలక పదాలు: సైకిల్, బాల్య జ్ఞాపకం, పారిశ్రామికీకరణ, షిఫ్టు, దక్కనీ పదజాలం, మౌఖిక చరిత్ర.

ఉపోద్ఘాతం

వెలిమెల పరిసరాల చరిత్ర రాసేవారికి రెండు రకాల ఆధారాలు సులభంగా లభిస్తాయి. మొదటివి శాసనాలు. పొరుగున ఉన్న తెల్లాపూర్ శాసనం బహమనీల కాలం నాటిది. ‘తెలంగాణ’ పదప్రయోగం కారణంగా అది తరచుగా ప్రస్తావనకు వస్తుంది. కల్యాణి చాళుక్యుల కాలంలో పొట్టలకెరెగా ప్రసిద్ధి పొందిన పటాన్‌చెరు సంగతి పరిశోధకులకు కొత్త కాదు. రెండవవి కర్మాగారాల వివరాలు. 1960వ దశకంలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., 1972లో పటాన్‌చెరు వద్ద ఇక్రిశాట్, ఆ దశకంలోనే పారిశ్రామికవాడ, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చాయి. అయితే ఊరి నుంచి కర్మాగారం గేటు దాకా మనిషి ఏ విధంగా చేరుకున్నాడనే ప్రశ్నకు శాసనాలలోనూ, సంస్థల చరిత్రలలోనూ జవాబు ఉండదు. బస్సు అందని దారుల్లో ఆ జవాబు చాలావరకు సైకిలే.

ఆ సైకిల్ ప్రస్తావన ఇప్పుడు ప్రధానంగా ఒకే చోట కనిపిస్తుంది. అది చిన్ననాటి ముచ్చట. మోకాలి మచ్చ, ఊడిపోయే చైను, గంటకింత చొప్పున తీసుకున్న కిరాయి సైకిల్ – ఇవన్నీ ఆ ముచ్చటలో భాగాలు. ఆ కథనాన్ని కొట్టిపారేయనక్కరలేదు. కానీ అందులో ఒక మాట మాత్రం పరిశీలనకు నిలవదు. అది ‘నా సైకిల్’ అనే మాట. 1970–90ల మధ్య ఈ పారిశ్రామిక ప్రాంతంలో పిల్లలు నేర్చుకున్న సైకిల్ సాధారణంగా పిల్లలది కాదు. తండ్రి పనిముట్టు. ఆ సైకిల్ చేష్టలుగా, వింతలుగా గుర్తుండిపోయినవన్నీ ఈ ఒక్క వాస్తవం నుంచే పుట్టాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

పెద్దల కొలతకు చేసిన యంత్రం

స్వాతంత్ర్యానికి పూర్వం మన దేశంలో తిరిగిన సైకిళ్లలో అధికభాగం బ్రిటన్ నుంచి దిగుమతి అయినవే. 1949లో మద్రాసు కేంద్రంగా టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సంస్థలు ఏర్పడ్డాక దేశీయ సైకిల్ గ్రామాలకు చేరింది. తయారీ ఇక్కడిదైనా నమూనా మాత్రం పాత ఇంగ్లీషు రోడ్‌స్టరే. 28 అంగుళాల చక్రాలు, 22 లేదా 24 అంగుళాల ఫ్రేము, ఇనుప కడ్డీల బ్రేకులు, ఒకే గేరు, దాదాపు 20 కిలోల బరువు. గడ్డిమోపునూ పాలక్యాన్లనూ బియ్యం బస్తానూ మోయగలగాలి. పదేళ్ల పిల్లవాడు సీటు మీద కూర్చుంటే కాళ్లు పెడళ్లకు అందుతాయా లేదా అన్నది దాన్ని చేసినవారి లెక్కలో లేదు.

అందనప్పుడు పిల్లలు కనిపెట్టిన మార్గం ‘కైంచి’. ఎడమ చేత్తో హ్యాండిలు పట్టుకొని, కుడి చేతిని సీటు మీదుగానో అడ్డకడ్డీ మీదుగానో వేసి, కుడికాలును ఆ కడ్డీ కిందుగా త్రికోణంలోంచి అవతలి పెడలు మీదకు చాపి తొక్కడం. ఆ భంగిమలో కాళ్లు తెరుచుకున్న కత్తెరలా కనిపిస్తాయి. ఉర్దూలో కైంచి అంటే కత్తెరే. మొదట సగం తొక్కు, ఆపై పూర్తి తొక్కు, తరువాత కడ్డీ మీదకు, చివరకు సీటు మీదకు. ఈ క్రమాన్ని ఎవరూ పుస్తకంలో రాయలేదు. అయినా ఉత్తర భారతంలోనూ పిల్లలు ఇదే పేరుతో ఇదే విద్య నేర్చారు. ఒకే కొలత యంత్రం, ఒకే ఎత్తు పిల్లలు ఉన్నప్పుడు ఒకే పరిష్కారం పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

చేష్టల విషయమూ అంతే. పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగితే ప్రతి తొక్కుకూ టక్కుమని ఒక ఎగురు వస్తుంది. వాల్ ట్యూబు అనే చిన్న రబ్బరు గొట్టం ఎండిపోతే రాత్రికి రాత్రే గాలి దిగిపోతుంది. ఉమ్మి తడి పెట్టి బుడగ వస్తుందేమో చూడడం దానికి పరీక్ష. వానలో బ్రేకు రబ్బర్లు తడిసిన రిమ్ము మీద జారుతాయి కనుక చెప్పుకాలు ముందు టైరుకు ఆనించి ఆపేవారు. డైనమో వేస్తే బండి బరువెక్కుతుంది, నెమ్మదిస్తే దీపం మినుకుమంటుంది. వీటిని ముద్దుగా సైకిల్ ‘గుణాలు’ అంటారు. నిజానికి ఇవి రోజూ బరువులతో తిరిగి అరిగిన, మరమ్మతు ఒక జీతం రోజు నుంచి మరో జీతం రోజుకు వాయిదా పడిన యంత్రం లక్షణాలు. వలసకాలపు నిత్యజీవిత యంత్రాలపై చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో వెలువరించిన గ్రంథం సైకిల్‌ను కుట్టుమిషను, టైపురైటరు, రైసుమిల్లులతో కలిపి పరిశీలించింది. యంత్రం పరాయిదైనా దాన్ని వాడిన తీరు, బాగుచేసిన తీరు స్థానికమయ్యాయన్న ఆయన దృక్పథం పంచరు దుకాణానికి బాగా వర్తిస్తుంది.

తొక్కడం, నడపడం

భాష ఈ చరిత్రను మరో విధంగా దాచింది. గుర్రాన్ని స్వారీ చేస్తాం, కారు నడుపుతాం, సైకిల్ మాత్రం తొక్కుతాం. మట్టి తొక్కడం, బురద తొక్కడం అన్న శ్రమ మాటల పక్కనే తెలుగువాడు సైకిల్‌ను చేర్చాడు. సంస్కృత పదాలతో కూర్చిన ‘ద్విచక్రిక’ వాడుకలో నిలవకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఆ మాటలో కాళ్లు లేవు.

తెలంగాణ వాడుకలో ఈ పదజాలం రెండు పొరలుగా ఉంది. యంత్రంతో పాటు వచ్చిన భాగాల పేర్లు ఇంగ్లీషువి: హ్యాండిలు, బ్రేకు, పెడలు, బెల్లు, మడ్‌గార్డు. శరీరానికీ బజారుకూ దగ్గరైనవి దక్కనీవి: కైంచి, కిరాయి, పయ్య. పాత పయ్యను కట్టెతో కొట్టుకుంటూ పరుగెత్తిన ఆట సైకిల్ చేతికి రాకముందటి దశ. కోస్తాలో ‘అద్దె సైకిల్’ అన్నదే ఇక్కడ ‘కిరాయి సైకిల్’. మోటారుసైకిల్ వచ్చినప్పుడు దాన్ని ‘సైకిల్ మోటరు’ అనడం మరీ ఆసక్తికరం. కొత్త బండికి పాత సైకిలే పేరు పెట్టింది. ఈ పదాలను మాండలిక పట్టికల్లో చేర్చడంతో పని పూర్తికాదు. ఏ పదం దుకాణంలో, ఏది ఇంట్లో, ఏది కర్మాగారంలో పలికిందో నమోదు చేయవలసి ఉంది.

షిఫ్టు నిర్ణయించిన బాల్యం

పల్లెటూరి బాల్యాన్ని ఋతువులు నడిపాయని అంటాం. కర్మాగారం పక్క ఊళ్లలో దానికి షిఫ్టు తోడైంది. ఉదయం ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి తిరిగి ఆరు అనేవి మూడు షిఫ్టుల సాధారణ వేళలు. తండ్రి మొదటి షిఫ్టుకు వెళ్లిన వారం మధ్యాహ్నం తరువాత సైకిల్ ఇంటి ముందు ఉంటుంది. బడి వదిలాక చీకటి పడేలోగా పిల్లవాడికి ఒకటి రెండు గంటలు దొరుకుతాయి. రెండో షిఫ్టు వారంలో సాయంత్రం సైకిలే ఉండదు. రాత్రి షిఫ్టు వారం విచిత్రమైనది. పగలంతా సైకిల్ ఊరికే ఉంటుంది, తండ్రి నిద్రపోతుంటాడు. స్టాండు చప్పుడు కాకుండా సైకిల్‌ను వీధిలోకి నడిపించుకుపోవడం ఒక సాహసం. రాత్రికి చైను తెగితేనో చక్రం వంకరపోతేనో ఒక రోజు కూలి పోతుంది. కింద పడిన పిల్లవాడికంటే ముందు పెద్దలు సైకిల్‌ను చూశారన్న ముచ్చటలోని నవ్వు వెనుక ఉన్న లెక్క ఇదే.

కిరాయి సైకిల్ దుకాణం ఈ లెక్క నుంచి తప్పించుకునే తోవ. పావలాకో అర్ధరూపాయికో కొంత సమయం కొనుక్కోవచ్చు. పేరు, ఊరు, బయలుదేరిన వేళ ఒక నోటుబుక్కులోకి ఎక్కుతాయి. పిల్లలు గడియారాన్ని డబ్బుగా లెక్కించడం బహుశా అక్కడే నేర్చుకున్నారు. గేటు దగ్గర తండ్రులు నేర్చుకున్నదీ అదే.

ఎవరి జ్ఞాపకం?

ఈ జ్ఞాపకాల్లో వక్తలు చాలావరకు మగవారు. అడ్డకడ్డీ సైకిల్, కైంచి భంగిమ, ఊరి బయటి రోడ్డు – మూడూ ఆడపిల్లకు అందుబాటులో లేవు. కడ్డీ లేని ‘లేడీస్ సైకిల్’ కొనడమంటే ఇంట్లో రెండో సైకిల్ కొనడమే. 1990ల తొలినాళ్లలో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా వేలాది గ్రామీణ స్త్రీలు సైకిల్ నేర్చుకున్న ఘటనను పాలగుమ్మి సాయినాథ్ నమోదు చేశారు. అటువంటి నమోదు ఈ ప్రాంతపు ఆడపిల్లల విషయంలోనూ జరగవలసి ఉంది. సైకిల్ తొక్కని వారి జ్ఞాపకం కూడా సైకిల్ చరిత్రలో భాగమే.

కులం విషయం ఇంకా సూటిగా ఉంటుంది. తెలంగాణ పల్లెల్లో గడి ముందు దళితులు, వెనుకబడిన కులాలవారు సైకిల్ దిగి నడవవలసి వచ్చిందన్నది ఉద్యమాల చరిత్రలోనూ మౌఖిక కథనాల్లోనూ పదేపదే వినిపించే సంగతి. దిగకుండా తొక్కుకుంటూ పోవడం అక్కడ ధిక్కారం. కర్మాగారం జీతంతో కొన్న సైకిల్ ఈ మర్యాదను ఎంతవరకు మార్చిందన్నది విడిగా పరిశోధించదగిన అంశం. చిన్ననాటి ముచ్చట దీన్ని చెప్పదు, ఎందుకంటే దిగవలసిన అవసరం లేనివారి ముచ్చటే ఎక్కువగా అచ్చయింది.

సైకిల్ కనుమరుగైందన్న విచారం కూడా సగం నిజమే. జనగణన ప్రకారం దేశంలో సైకిల్ ఉన్న కుటుంబాలు 2001లో 43.7 శాతం, 2011లో 44.8 శాతం. అదే దశాబ్దంలో మోటారు ద్విచక్ర వాహనాలున్న కుటుంబాలు 11.7 నుంచి 21 శాతానికి పెరిగాయి. అంటే 2011 నాటికి సైకిల్ తగ్గలేదు. దాన్ని తలచుకొని రాసేవారి ఇళ్ల నుంచి మాత్రమే అది వెళ్లిపోయింది.

2023 అక్టోబరు 1న బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల పొడవున సౌరఫలకాల నీడలో సైకిల్ మార్గం ప్రారంభమైంది. దాని ఒక కొస వెలిమెల పొరుగునున్న కొల్లూరు. వ్యాయామం కోసం వచ్చేవారిని ఉద్దేశించి కట్టిన మార్గమది. షిఫ్టుకు వెళ్లే కార్మికుడి దారి అటు కాదు. ఆ దారి ఆనవాళ్లు వేరే చోట ఉండాలి: కిరాయి దుకాణాల నోటుబుక్కుల్లో, సైకిల్ పన్ను కట్టినందుకు ఇచ్చిన బిళ్లల్లో, కర్మాగారం స్టాండు టోకెన్లలో. వాటిని భద్రపరచిన ఇళ్లు కొన్నైనా ఉంటాయి. అటకల మీద వెతకవలసిన సమయం ఇది. ఆ తరం తండ్రులు ఇప్పుడు డెబ్బైలలో, ఎనభైలలో ఉన్నారు.