హుగ్లీ తీరమున రెండవ జన్మము

హౌరా స్టేషనున బండి యెక్కి ఉత్తరముగా పోవువారు లిలువా, బేలూరు, బాలీ, ఉత్తరపారా దాటి కొంతసేపటికే శ్రీరామపురము చేరుదురు. 1854 ఆగస్టు 15వ తేదీన హౌరానుండి హుగ్లీకి నడచిన మొదటి రైలుబండి కూడ ఈ త్రోవనే పోయి ఆ యూర ఆగినది. అదే హౌరానుండి నదివెంట దక్షిణముగా పోయినచో శిబపురమున బొటానికల్ తోటయు, దాని చెంత ఇంజనీరింగు విద్యాలయమును కనబడును. కొలువు నిమిత్తమై స్వదేశము విడిచి ఈ గట్టున కాపురముండిన తెలుగు కుటుంబములు ఈ రెండు చోట్లను చూచియే యుండును. కాని తెలుగు పుస్తక చరిత్రలోను, తెలుగు క్రైస్తవుల చరిత్రలోను వీనికి గల పాలు ఎంతటిదో తెలిసినవారు కొందరే.

ఈ రెండు తావులందును పందొమ్మిదవ శతాబ్ది యారంభమున నడచిన పని యొక్కటే. మనుష్యుడు రెండవమారు పుట్టవచ్చునని చెప్పుట, అట్లు పుట్టినవానిని ఇతరులకు బోధించువానిగ తీర్చుట.

ఈ మాటకు మూలము యోహాను సువార్త మూడవ అధ్యాయమున నున్నది. నికొదేము అను యూదుల పెద్ద రాత్రివేళ యేసునొద్దకు వచ్చెను. మరల పుట్టిననే కాని దేవుని రాజ్యము కానరాదని విని యాతడు, ముసలివాడు తల్లిగర్భమున తిరిగి యెట్లు ప్రవేశించునని అడిగెను. తాను బోధకుడయ్యు ఇంతమాత్రము తెలియనివాడాయెనని ఆ కథలోనే ఒక ఎత్తిపొడుపు గలదు. గ్రీకు మూలమున ఇచ్చట వాడిన పదమునకు 'మరల' అనియు, 'పైనుండి' అనియు రెండర్థములు. ఆ రెంటిని ఒక్క మాటలో నిముడ్చుట ఏ భాషలోనైనను కష్టమే. మన భాషలలో చిక్కు మరింత హెచ్చు. 'పునర్జన్మము' అన్నచో కర్మఫలముచే దేహాంతరము దాల్చుట యని తోచును. ఏ జన్మపరంపరనుండి ముక్తి కోరుదురో దానినే ఇచ్చెదమన్నట్లగును. 'ద్విజుడు' అన్నచో ఉపనయనమైనవాడని అర్థము. ఆ రెండవ జన్మము కొన్ని కులములవారికే గాని అందరికి లేదు. తుదకు తెలుగు అనువాదకులు 'క్రొత్తగా' అను మాట నాశ్రయించిరి. ఈ పదవిచారము పండితుల వినోదము మాత్రము కాదు. ఎవరికి రెండవ పుట్టుక కలదు, ఎవరికి లేదు అను ప్రశ్న దీని వెనుక నున్నది.

ఆ ప్రశ్నకు హుగ్లీ తీరమున తొలి జవాబు ఒక వడ్రంగి యయ్యెను. శ్రీరామపురము అప్పుడు డేనుల యేలుబడిలో నుండెను. ఈస్టిండియా కంపెనీవారు తమ సీమలో మిషనరీలను సహింపకపోవుటచే విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను మువ్వురును 1800 సంవత్సరమున అచ్చటనే స్థిరపడిరి. ఆ యేటి చివర కృష్ణపాలుడను వడ్రంగి జారిపడి భుజము తొలగించుకొనగా, మిషనరీలతో నున్న వైద్యుడు జాన్ థామస్ దానిని సరిచేసెను. పరిచయము బోధగా మారెను. కృష్ణపాలుడు తన మిత్రుడు గోకులునితో గూడి మిషనరీల పంక్తిని భుజించెను. అంతటితో కులము పోయెను. గుంపు కూడి యాతనిని అధికారి యెదుటికి ఈడ్చుకొనిపోగా, డేనిష్ అధికారి తప్పేమియు లేదని విడిచిపెట్టెను. డిసెంబరు 28వ తేదీన బాప్తిస్మమునకు నిర్ణయించిన వేళ గోకులుడును ఇంటి స్త్రీలును వెనుకంజ వేసిరి. కృష్ణపాలుడొక్కడే కేరీ కుమారుడు ఫెలిక్సుతో నదిలో దిగెను. ఇన్నేండ్ల యెదురుచూపు ఫలించిన సంతోషమున థామస్ వైద్యునికి మతి చలించి, ఆ రోజున ఆయనను గదిలో నుంచవలసి వచ్చినదట!

ఆ వడ్రంగి తరువాత ఇరువదియేండ్లకు పైగా, 1822లో మరణించువరకు, వంగదేశమున ఊరూర తిరిగి బోధించెను, పాటలు కట్టెను. ఉపనయనమునకు అధికారము లేనివాడు రెండవమారు పుట్టుటయే గాక గురుస్థానమున గూర్చుండెను. ఆనాటి జనమునకు రుచింపనిది పంక్తిభోజనమొక్కటే కాదు, ఇదియు నై యుండును.

ఇక తెలుగు మాట. శ్రీరామపుర ముద్రాలయమున పంచాననకర్మకారుని అల్లుడు మనోహరుడు మొదలగు శిల్పులు దేశభాషలకు అచ్చులు పోసిరి. అచ్చట నానాదేశ పండితులు కూర్చుండి అనువాదములు చేయుచు, ప్రూఫులు దిద్దుచు నుండిరనియు, వారిలో తెలుగు పండితుడును గలడనియు వార్డు 1811 నాటి జాబులో వర్ణించెను. మరుసటియేడు మార్చి 11వ తేదీ సాయంకాలము ముద్రాలయమునకు నిప్పంటుకొని అచ్చులు, కాగితము, వ్రాతప్రతులు భస్మమయ్యెను. పోతపోయుటకు వలయు ఉక్కుముద్రలు మాత్రము బూడిదలో చెడక దొరకుటచే, కరగిన లోహముతోనే మరల అక్షరములు పోసిరి.

ఆ 1812వ సంవత్సరముననే తెలుగున మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరామపురమున అచ్చయ్యెను. అవి అచ్చటి అనువాదములు గావు. లండను మిషనువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి 1805లో విశాఖపట్టణమున దిగి, ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో తెలిగించిన గ్రంథమది. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను గతించిరి. అచ్చు చూచు భాగ్యము వారికి లేకపోయెను. ఆనందరాయరు పేరు మన సాహిత్యచరిత్రలలో కనబడుట అరుదు. అనువాదమున దొరల పేరు ముఖపత్రమునను, పండితుని పేరు జాబులలోను మిగులుట ఆ కాలపు రివాజు.

ఇచ్చట గమనింపదగిన విశేషమొకటి కలదు. నికొదేము కథ యోహాను సువార్తలోనిది. 1812 నాటి మూడు సువార్తలలో అది లేదు. శ్రీరామపురమువారు 1818లో తెలుగు క్రొత్త నిబంధనను అచ్చు వేసినప్పుడే ఆ సంవాదము తెలుగు ముద్రణమున చోటుచేసికొనెను. రమారమి ఆ కాలముననే ప్రిచ్చెట్ అనువాదము మద్రాసున వెలువడెను. కేరీ తెలుగు వ్యాకరణము 1814లోను, మోషే పంచకాండములు 1821లోను వచ్చెను. దూరదేశమున కూర్చుండి చేసిన ఈ తెలుగు జనమున నిలువలేదు. పని తరువాత మద్రాసువారి చేతికి పోయినది. అది న్యాయమే. వాడుక వినబడని చోట అనువాదము పొసగదు. అయినను హౌరాకు కూతవేటు దూరమున తెలుగక్షరములు పోతపోసిరన్నది మరవరాదు.

శిబపురము కథ వేరు. కలకత్తా తొలి బిషప్పు మిడిల్టన్ 1820లో అచ్చట బిషప్స్ కాలేజీకి శంకుస్థాపన చేసెను. బోధకులను, ఉపదేశులను, బడిపంతుళ్లను తయారుచేయుట దాని యుద్దేశము. పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, తాను చెప్పినదానిని నమ్మకమైనవారికి అప్పగింపుమనియు, వారు ఇతరులకు బోధింపగలవారై యుండవలెననియు ఒక వాక్యము గలదు. గురుపరంపర యన్న మాట మనకు క్రొత్త గాదు గనుక ఈ ఏర్పాటు సులభముగ బోధపడును. మొదటి ప్రిన్సిపాలు విలియం హాడ్జ్ మిల్ సంస్కృతము క్షుణ్ణముగ నేర్చి, క్రీస్తుచరిత్రను 'క్రిస్తసంగీత' యను పేర శ్లోకములలో రచించినాడు. దొర కట్టిన అనుష్టుప్పులను చూచి నవద్వీపపు పండితులేమనుకొనిరో గాని, ప్రయత్నము సామాన్యమైనది గాదు.

ఈ కాలేజీలో 1852 మొదలు 1868 వరకు ఆచార్యత్వము చేసిన కృష్ణమోహన వంద్యోపాధ్యాయుడు డిరోజియో శిష్యులలో నొకడు. 1831లో ఆయన లేని వేళ మిత్రులు చేసిన అల్లరికి, అనగా పొరుగింట గోమాంసము విసరినందులకు, ఆయన యిల్లు విడువవలసి వచ్చెను. మరుసటియేడు బాప్తిస్మము పొందెను. ద్విజుడుగ పుట్టినవానికి ఈ మరుజన్మము వలన పోయినది కులమే గాదు, ఇల్లును పోయెను. ఆయన 'విద్యాకల్పద్రుమము' అను వంగభాషా సంగ్రహము వెలువరించి, 1885లో మరణించి శిబపురముననే సమాధియయ్యెను.

1843లో మతము పుచ్చుకొన్న మైకేల్ మధుసూదన దత్తు మరుసటియేటినుండి 1847 వరకు ఇచ్చటి విద్యార్థి. క్రీస్తునందు అందరు నొక్కటే యని చెప్పు కాలేజీలో ఐరోపా బాలురకొక దుస్తు, దేశీయులకొక దుస్తు! మధుసూదనుడు ఆ భేదము నొప్పక, కాలేజీ దుస్తయిన ఇండు, లేనిచో నా దేశపు దుస్తు తొడుగుదునని, పట్టుబట్టలతో వన్నెల తలపాగాతో వచ్చెననియు, తుదకు అధికారులే తగ్గిరనియు చెప్పుదురు. క్రొత్తగ పుట్టినవాడు పాత వరుసలో నిలువనొల్లకుండుట సహజమే. ఆయన బోధకుడు కాలేదు, మద్రాసుకు పోయి బడిపంతులయ్యెను. 1849లో మిత్రుడు గౌరదాసు బసాకునకు వ్రాసిన జాబులో తన దినచర్య చెప్పుచు, ప్రొద్దుట హీబ్రూ, మధ్యాహ్నము గ్రీకు, రెండు మొదలు ఐదు గంటలవరకు తెలుగు, సంస్కృతము చదువుచున్నట్లు తెలిపినాడు. మేఘనాదవధ కర్త రోజూ మూడు గంటలలో కొంత తెలుగునకు వినియోగించెనన్నది తెలుగువారికి తీపి వార్తయే.

తెలుగునాట ఈ పరంపర మరి రెండు త్రోవల సాగెను. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణుడు పురుషోత్తమ చౌదరి 1833లో కటకమున బాప్తిస్మము పొంది, బోధకుడై తిరిగి, కీర్తనలు రచించెను. అవి నేటికిని తెలుగు దేవాలయములలో పాడబడుచున్నవి. ఒంగోలు సీమలో 1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. శాస్త్రములు విని నేర్చుట సహితము నిషిద్ధమైన కులమువాడు పల్లెపల్లెకు గురువయ్యెను. 1876–78 కరవున జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని పట్టి కూలి నిచ్చెనే గాని, అన్నమునకై వచ్చినారను మాట రాకుండుటకు బాప్తిస్మము లాపెను. కరవు తీరిన పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మలో 2,222 మంది దిగిరి. నీటిలో దింపినవారు దేశీయ బోధకులే. అంతమందికి నేర్పువారు కావలసియుండుటచేతనే 1872నాటికే రామపట్నమున బోధకుల పాఠశాల వెలసెను.

బిషప్స్ కాలేజీ శిబపురము విడిచి కలకత్తాకు తరలిపోగా, 1880లో ఆ భవనములలోనికి ఇంజనీరింగు కళాశాల వచ్చెను. కేరీ ప్రభృతులు 1818లో స్థాపించిన శ్రీరామపుర కాలేజీకి డెన్మార్కు రాజు 1827లో పట్టములిచ్చు హక్కు నొసగెను. 1845లో ఊరు ఇంగ్లీషువారి పాలైనను ఆ హక్కు పోలేదు. 1918 నాటి శాసనముచే సెనేటు ఏర్పడెను. రామపట్నము మొదలగు పాఠశాలలు కలసి 1964లో రాజమహేంద్రవరమున ఏర్పడి, 1973లో హైదరాబాదు చేరిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదివిన తెలుగు బోధకుని పట్టాపై నుండు పేరు ఈ హుగ్లీ గట్టు శ్రీరామపురముదే.