ఏళ్లుగా నిలిపిన పాత కారు: పెట్రోల్ ట్యాంక్ దించి కడిగే పద్ధతి, అసలు చేయకూడని పనులు

గల్ఫ్ నుంచి రెండు మూడేళ్లకు ఇంటికొచ్చిన వాళ్లలో చాలామందికి ఇంటి ముందు కవరు కప్పి ఉన్న పాత కారుతో ఒక తలనొప్పి మొదలవుతుంది. కొత్త బ్యాటరీ వేయగానే బండి స్టార్ట్ అవుతుంది. అర కిలోమీటరు పోయాక గుటకలు వేసి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. కార్బ్యురేటర్ కడిగించినా వారానికి అదే కథ. ఇలాంటప్పుడు అనుమానించాల్సింది ట్యాంకును.

ఉదాహరణకు మారుతీ 800. 1983 నుంచి 2014 దాకా తయారైన ఈ కారు ఇంకా చాలా ఇళ్లలో ఉంది. ట్యాంకు వెనకవైపు, కారు అడుగు భాగాన ఉంటుంది. అది ఇనుప రేకుతో చేసింది. తర్వాతి మోడళ్లలో 28 లీటర్లు పడుతుంది. సగం ఖాళీగా నిలబెడితే పై సగంలో గాలి, గాలిలో తేమ, ఆ తేమతో తుప్పు. పెట్రోల్ కూడా నెలల తరబడి నిల్వ ఉంటే జిగటగా మారి అడుగున మడ్డి కడుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఇంజన్‌కు పెట్రోల్ లాగే గొట్టం మూతి కూడా అడుగునే ఉంటుంది కదా. పాత రబ్బరు గొట్టాలను కూడా ఇథనాల్ పాడుచేస్తుంది.

ట్యాంకు దించే ముందు ఒక చిన్న పరీక్ష. బండి ఆగిపోగానే ట్యాంకు మూత తీయాలి. 'సుయ్'మని గాలి లోపలికి లాగి, ఆ తర్వాత బండి బాగా నడిస్తే తప్పు మూతది, లేదా గాలి గొట్టానిది. దీనికి ట్యాంకు దించక్కర్లేదు. బిల్లు వేసే ముందు ఈ పరీక్ష చేశారా అని మెకానిక్‌ని అడగడంలో తప్పేమీ లేదు.

పని ఆరుబయట జరగాలి, గుంత మీద కాదు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, అది గుంతలోనే పేరుకుంటుంది. ముందు బ్యాటరీ మైనస్ వైరు తీయాలి. ఉన్న పెట్రోల్‌ను చేతిపంపుతో ఇనుప డబ్బాలోకి తీయాలి. ప్లాస్టిక్ బకెట్‌లోకి పారబోస్తే స్టాటిక్ కరెంటు నిప్పురవ్వ వచ్చే ప్రమాదం ఉంది. కారును స్టాండ్ల మీద నిలపాలి, ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. గొట్టాలు విప్పే ముందు ఇంజన్‌కు వెళ్లేది ఏది, తిరిగి వచ్చేది ఏది, గాలి గొట్టం ఏది అని గుర్తు పెట్టి ఫొటో తీసుకోవాలి. పెట్రోల్ గేజ్ వైరు ఊడదీశాక ట్యాంకు కింద చెక్క పెట్టి, జాకీతో ఆనించి బోల్టులు విప్పాలి. తుప్పు పట్టిన బోల్టులకు ముందు రాత్రే నూనె వేసి ఉంచితే తలలు విరగవు. 2000 ప్రాంతం తర్వాత వచ్చిన ఎంపీఎఫ్ఐ మోడళ్లలో లైన్‌లో ఒత్తిడి ఉంటుంది, కాబట్టి ఇంటి దగ్గర చేయొద్దు.

కడగడంలో వరస ముఖ్యం. ముందు గేజ్ ఫ్లోట్ బయటికి తీయాలి. వేడినీళ్లు, డిటర్జెంట్ పోసి, గుప్పెడు నట్లు గానీ ఒక గొలుసు ముక్క గానీ వేసి ట్యాంకును అన్ని వైపులా తిప్పుతూ ఊపాలి. జిడ్డు పోకుండా తుప్పు మందు వేస్తే పనిచేయదు. జిడ్డు పోయాక నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లు నింపి ఒక రాత్రి ఉంచితే సన్న తుప్పు కరుగుతుంది. బాత్రూం యాసిడ్ వాడే వాళ్లున్నారు. అది తుప్పుతో పాటు రేకునూ, లోపలి పూతనూ తినేస్తుంది. తర్వాత వంట సోడా నీళ్లతో, మళ్లీ మంచినీళ్లతో కడిగి వెంటనే ఎండబెట్టాలి. ఆలస్యమైతే గంటల్లోనే కొత్త తుప్పు. వేసిన నట్లను లెక్కపెట్టి బయటికి తీయడం మరవొద్దు.

అసలు ప్రమాదం ట్యాంకుకు చిల్లు ఉన్నప్పుడు. ఖాళీ అయింది కదా అని నేరుగా వెల్డింగ్ షాపుకు తీసుకెళ్తారు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే భయంకరం. గాలిలో పెట్రోల్ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వకు పేలుతుంది. 28 లీటర్ల ట్యాంకులో అంత ఆవిరి కావాలంటే ఒక టీ చెంచా కన్నా తక్కువ పెట్రోల్ చాలు. అతుకుల మధ్య, మడ్డిలో అంత ఎప్పుడూ మిగులుతుంది. ఒకసారి కడిగితే వాసన పోవచ్చు, ఆవిరి పోయిందని కాదు. ఆవిరితో శుభ్రం చేసి, నీళ్లు నింపి అతికే అనుభవం ఉన్న రేడియేటర్ పనివాళ్లకే ఇవ్వాలి. అట్టు కట్టినట్టు రేకు ఊడుతుంటే బాగు చేయించడం దండగ, పాత సామాన్ల మార్కెట్లో మంచి ట్యాంకు వెతుక్కోవడమే లాభం.

ఇంకో మాట షెడ్లలో ఉస్తాద్ దగ్గర పని నేర్చుకునే పిల్లల గురించి. గొట్టం పెట్టి నోటితో పెట్రోల్ లాగే పని ఎక్కువగా వాళ్లదే. కొన్ని చుక్కలు ఊపిరితిత్తుల్లోకి పోయినా న్యుమోనియా లాంటి జబ్బు చేస్తుంది. పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు, అలా చేస్తే పెట్రోల్ ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం ఎక్కువ. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 2016 చట్ట సవరణ ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లను మండే పదార్థాలతో చేసే పనిలో పెట్టడం నేరం. చేతిపంపుకు అయ్యే ఖర్చు ఎంతని? బిడ్డను షెడ్డుకు పంపే అమ్మీ అబ్బాలు ఉస్తాద్‌ని ఈ సంగతి ముందే అడగొచ్చు, బండి ఇచ్చే వాళ్లు కూడా అడగొచ్చు.

బిగించేటప్పుడు గొట్టాలు, క్లిప్పులు, ఫ్లోట్ కింది రబ్బరు వాషర్, ఫిల్టర్ కొత్తవి వేయాలి. ఎర్త్ వైరు మరిచిపోతే గేజ్ ముల్లు కదలదు. ఐదు లీటర్లు పోసి లీకు చూసి, ఆ తర్వాతే బ్యాటరీ కలపాలి. లోపల కనిపించే ఫిల్టర్ వేస్తే వారం తర్వాత ఎర్రపొడి ఎంత చేరిందో తెలుస్తుంది, మొదటి ఫిల్టర్‌ను అప్పుడే మార్చేయాలి. తీసిన పాత పెట్రోల్‌ను నాలాలో పోయకుండా, మూత బిగించిన డబ్బాలో వాడేసిన ఆయిల్ కొనే వాళ్లకు ఇవ్వాలి, అందులో పెట్రోల్ ఉందని చెప్పి మరీ.