హేరోదు చావుకు ముందు గ్రహణం

యెరూషలేము దేవాలయ ద్వారం మీద హేరోదు రాజు ఒక బంగారు గద్దను పెట్టించాడు. ఆలయంలో ప్రాణి ప్రతిమ ఉండకూడదన్నది యూదుల ధర్మశాస్త్రం. ఎదురు చెప్పే ధైర్యం లేక జనం చాలాకాలం ఓర్చుకున్నారు. రాజు మంచం పట్టాడని, ఇక లేవడని వదంతి పుట్టగానే యూదా, మత్తీయ అనే ఇద్దరు బోధకుల మాట మీద కొందరు కుర్రాళ్లు పట్టపగలే పైకెక్కి, ఆ గద్దను గొడ్డళ్లతో నరికి కింద పడేశారు. కానీ రాజు ఇంకా బతికే ఉన్నాడు. మత్తీయనూ, అతనితో పాటు మరికొందరినీ సజీవంగా తగలబెట్టించాడు. ఆ రాత్రి చంద్రగ్రహణం పట్టిందని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు.

అతని రచనల్లో చంద్రగ్రహణం ప్రస్తావన అదొక్కటే. ఒకే ఒక్క వాక్యం. యేసు ఏ సంవత్సరంలో పుట్టాడన్న వాదంలో ఆకాశం చెప్పిన గట్టి సాక్ష్యం ఏదైనా ఉంటే అది ఈ వాక్యమే. క్రిస్మస్‌కు మన ఇళ్ల ముందు వేలాడే ఆ తూర్పు నక్షత్రం మీద పుట్టినన్ని పుస్తకాలు దీని మీద పుట్టలేదు. అయినా బరువు దీనికే ఎక్కువ. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక నుంచి రావాలి.

మనం వాడుతున్న క్రీస్తు శకం క్రీస్తు కాలంలో పుట్టింది కాదు. 525లో రోములో ఉన్న డయొనీసియస్ ఎక్సిగ్యూయస్ అనే సన్యాసి ఈస్టరు తేదీల పట్టిక తయారు చేస్తూ, అప్పటిదాకా వాడుకలో ఉన్న డయొక్లీషియన్ శకాన్ని పక్కన పెట్టాడు. క్రైస్తవులను హింసించిన చక్రవర్తి పేరుతో ఏళ్లు లెక్కపెట్టడం అతనికి రుచించలేదు. బదులుగా యేసు అవతరించిన నాటి నుంచి లెక్క కట్టాడు. ఆ మొదటి ఏడు ఏదో ఎలా తేల్చాడన్నది మాత్రం రాయలేదు. 731లో ఇంగ్లండు సన్యాసి బీడ్ తన చర్చి చరిత్రను ఆ శకంలోనే రాయడంతో అది యూరప్‌లో పాతుకుపోయింది. ఇందులో సున్నా సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 దాటగానే క్రీ.శ. 1. లెక్కల సౌకర్యం కోసం ఖగోళ శాస్త్రజ్ఞులు సున్నాను చేర్చుకుంటారు కాబట్టి క్రీ.పూ. 7 వారికి మైనస్ 6 అవుతుంది. ఈ ఒక్క అంకె తేడా పట్టించుకోక తప్పులో కాలేసిన రచనలు తక్కువేమీ కావు.

సువార్తలు సూటిగా తేదీ చెప్పవు. మత్తయి, లూకా ఇద్దరూ హేరోదు రోజుల్లో యేసు పుట్టాడంటారు. మళ్లీ అదే లూకా, కురేనియ సిరియాకు అధిపతిగా ఉన్నప్పుడు జరిగిన జనాభా లెక్కలతో ఆ పుట్టుకను ముడిపెడతాడు. జోసీఫస్ ప్రకారం ఆ లెక్కలు క్రీ.శ. 6లో జరిగాయి. అప్పటికి హేరోదు చనిపోయి చాలా ఏళ్లయింది. ఇంకోచోట లూకా, తిబెరి కైసరు ఏలుబడి పదిహేనో ఏట బాప్తిస్మమిచ్చే యోహాను బోధ మొదలైందని చెప్పి, ఆ తర్వాత యేసుకు ఇంచుమించు ముప్పై ఏళ్లంటాడు. తిబెరి పదిహేనో ఏడు క్రీ.శ. 28-29. అందులోంచి ముప్పై తీసేస్తే క్రీ.పూ. 3, 2 దగ్గర ఆగుతాం. తొలినాటి చర్చి రచయితలు చాలామంది, యూసేబియస్‌తో సహా, ఆ సంవత్సరాలనే చెప్పడానికి ఇదే కారణమై ఉండాలి. 'ఇంచుమించు' అన్న మాటను వాళ్లు అంతగా పట్టించుకోలేదు. డిసెంబరు 25 సంగతి వేరు. ఆ తేదీ 354 నాటి రోమన్ పంచాంగ సంకలనంలో కనిపిస్తుంది, దాని వెనక ఆకాశ సాక్ష్యమేదీ లేదు.

ఇక నక్షత్రం. తూర్పు దేశపు జ్ఞానుల కథ మత్తయి ఒక్కడే చెప్పాడు. వాళ్లు నక్షత్రాన్ని చూశారు, యెరూషలేము వచ్చారు, అది మళ్లీ కనబడి ముందు నడిచి శిశువున్న చోటికి మీదుగా వచ్చి నిలిచింది. మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఒరిగెన్ దీన్ని తోకచుక్కల జాతికి చెందిన కొత్త నక్షత్రం అన్నాడు. నాలుగో శతాబ్ది చివర చర్చి బోధకుడు జాన్ క్రిసొస్తొం అసలు ఇది నక్షత్రమే కాదన్నాడు. ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచేది, పగలు కనబడేది, ఒక ఇంటి నెత్తిన ఆగేది నక్షత్రమెలా అవుతుంది, నక్షత్ర రూపంలో వచ్చిన ఒక దివ్యశక్తి అని తేల్చాడు. టెలిస్కోపు, కంప్యూటరు ఉన్న ఈనాటి వాళ్లు కూడా ఆయన వేసిన ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేకపోయారు. చాలామంది ఆ చివరి వాక్యాన్ని దాటేసి ముందుకెళ్లారంతే.

గురుశనుల కలయికకూ మత చరిత్రకూ ముడి వేసింది మొదట జ్యోతిష్కులు. సుమారు ఇరవై ఏళ్లకోసారి ఈ రెండు గ్రహాలూ ఒకచోట చేరతాయి. ఎనిమిదో శతాబ్దంలో బాగ్దాదు నగర నిర్మాణానికి ముహూర్తం పెట్టిన జ్యోతిష్కుల్లో ఒకడైన మాషాఅల్లా ఈ యుతుల మీదే లోక చరిత్రను అల్లాడు, క్రీస్తు రాకనూ అందులో ఇరికించాడు. గురుడు రాశి మారగానే పుష్కరాలు పెట్టే మనకు ఈ ఆలోచన మరీ వింతగా తోచదు. ఖగోళం పేరుతో తర్వాత వచ్చిన వాదాల వేళ్లు జ్యోతిషంలో ఉన్నాయన్నది మాత్రం మరిచిపోకూడదు.

కెప్లర్ ఆ రెండింటి మధ్యలో నిలబడ్డ మనిషి. 1603 డిసెంబరులో గురుశనులు కలిశాయి. మరుసటి శరత్కాలంలో కుజుడూ అక్కడికి వచ్చాడు. 1604 అక్టోబరులో, సరిగ్గా ఆ గ్రహాల పక్కనే, ఒక కొత్త నక్షత్రం భగ్గుమంది. ఈనాడు మనం కెప్లర్ సూపర్‌నోవా అనేది అదే. మబ్బుల వల్ల ప్రాగ్‌లో ఉన్న కెప్లర్ దాన్ని 17న గానీ చూడలేకపోయాడు. మరుసటి ఏడు సుస్లిగా అనే పోలెండు జెసూయిట్, క్రీస్తు పుట్టుక మన లెక్క కన్నా నాలుగేళ్లు ముందుకు జరగాలని ఒక సిద్ధాంత పత్రం ప్రచురించాడు. అది చేతికందగానే కెప్లర్ గ్రహ గణితం వేశాడు. క్రీ.పూ. 7లో గురుశనులు మీనరాశిలో కలిశాయి, మరుసటి ఏడాది కుజుడూ చేరాడు. తన కళ్ల ముందు జరిగిందే అప్పుడూ జరిగిందని అతనికి అనిపించింది. 1606లో కొత్త నక్షత్రం మీద వేసిన పుస్తకంలో ఈ లెక్క చేర్చాడు. 1614లో క్రీస్తు జనన సంవత్సరం మీద విడిగా లాటిన్‌లో ఇంకో గ్రంథం వేశాడు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. 'యుతే బేత్లెహేము నక్షత్రమని కెప్లర్ అన్నాడు' అని ఇప్పటికీ రాస్తుంటారు. ఆయన అలా అనలేదు. యుతి జ్ఞానులను అప్రమత్తం చేసిందనీ, నక్షత్రం మాత్రం దేవుడు ప్రత్యేకంగా వెలిగించిన వేరే వెలుగనీ ఆయన నమ్మిక. రెండింటినీ ఒకటి చేసింది పంతొమ్మిదో శతాబ్దం. జర్మనీలో కాలగణన పండితుడు ఐడెలర్ 1820ల్లో క్రీ.పూ. 7 యుతిని మళ్లీ పైకి తెచ్చి, రెండు గ్రహాలూ ఒకే చుక్కగా కనబడి ఉంటాయన్నాడు. 1856లో ఇంగ్లండు ఖగోళ శాస్త్రజ్ఞుడు చార్లెస్ ప్రిచర్డ్ లెక్క సరిచూశాడు. ఆ ఏడు అవి మే, సెప్టెంబరు, డిసెంబరుల్లో మూడుసార్లు దగ్గరయ్యాయి. కానీ ఎప్పుడూ ఒక డిగ్రీ కన్నా అంతగా దగ్గరకు రాలేదు. అంటే మధ్యలో రెండు చందమామలు పట్టేంత ఎడం. ఎంత చూపు మందగించిన జ్ఞానికైనా అవి రెండుగానే కనబడతాయి.

మూడుసార్లు కలవడమంటే మాయేమీ కాదు, వక్రగతి. మన బస్సు పక్క బస్సును దాటుతున్నప్పుడు అది వెనక్కి పోతున్నట్టుంటుంది కదా, భూమి గురుశనులను దాటుతున్నప్పుడూ అంతే. రెండూ ఒకే కాలంలో వక్రించి తిరిగి రుజుగతికి వస్తే ఒకదాన్నొకటి మూడుసార్లు దాటే వీలుంటుంది.

ఆనాటి జ్ఞానులకు ఇది ముఖ్యంగా తోచిందా? ఈ ప్రశ్నకు జవాబు మట్టిపలకల్లో దొరికింది. 1925లో పాల్ ష్నాబెల్ అనే జర్మన్ పండితుడు బాబిలోనియా పలకల్లో సరిగ్గా క్రీ.పూ. 7-6 సంవత్సరపు గ్రహ పంచాంగాన్ని గుర్తించాడు. చాలామంది సంబరపడ్డారు. 1984లో శాక్స్, వాకర్ అనే ఇద్దరు అసీరియాలజీ విద్వాంసులు ఆ పంచాంగాన్ని పూర్తిగా చదివి సంబరం మీద నీళ్లు చల్లారు. గ్రహాలు ఏ నెల ఏ రాశిలో ఉన్నాయి, ఎప్పుడు స్తంభించాయి, ఎప్పుడు ఉదయించాయి అన్నవన్నీ అందులో ఉన్నాయి. గురుశనుల యుతి అన్న మాటే లేదు. లెక్కలో అంత ఆరితేరిన వాళ్లకు అది రాసుకోదగిన సంగతిగా తోచలేదు. నా దృష్టిలో క్రీ.పూ. 7 యుతి వాదం అక్కడే సగం కూలింది. ఆ సంగతి తెలియనట్టే ప్రతి డిసెంబరులోనూ పత్రికలు దాన్ని లేపి కూచోబెడుతుంటాయి. 2020 డిసెంబరు 21న గురుశనులు డిగ్రీలో పదోవంతు ఎడంలోకి వచ్చినప్పుడు 'క్రిస్మస్ నక్షత్రం తిరిగొచ్చింది' అన్న శీర్షికలకు కొదవ లేదు.

తూర్పున ఇంకా దూరంగా, చైనాలో, హాన్ రాజవంశపు ఆస్థాన జ్యోతిష్కులు క్రీ.పూ. 5 వసంతంలో మకర రాశి ప్రాంతంలో డెబ్బై రోజులకు పైగా కనబడిన ఒక తోకచుక్కను నమోదు చేశారు. మరుసటి ఏడు మన శ్రవణా నక్షత్రం దగ్గర ఇంకొకటి. 1977లో క్లార్క్, పార్కిన్సన్, స్టీఫెన్సన్ ఈ నమోదుల ఆధారంగా బేత్లెహేము నక్షత్రం నోవా అయి ఉండొచ్చని, 1991లో కోలిన్ హంఫ్రీస్ తోకచుక్కే అయి ఉండాలని రాశారు. హేలీ తోకచుక్క పేరూ వినబడుతుంది కానీ అది వచ్చింది క్రీ.పూ. 12లో. పడువా చర్చి గోడ మీద జొట్టో వేసిన జ్ఞానుల చిత్రంలో తోకచుక్క ఉన్నది మాత్రం నిజం. అది 1301లో వచ్చిన హేలీ తోకచుక్క ప్రభావమే అయి ఉండొచ్చు.

1999లో మైకేల్ మోల్నార్ అనే అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు దారి మార్చాడు. వెలుగు కోసం వెతకడం మానేసి, ఆనాటి గ్రీకు జ్యోతిషం యూదయకు రాజు పుట్టాడని ఎప్పుడు చెబుతుందని అడిగాడు. టాలెమీ ప్రకారం యూదయ మేషరాశి ఏలుబడిలోది. అంతియొకయ నాణేల మీద నక్షత్రం వైపు తల తిప్పిన పొట్టేలు ఉంది. క్రీ.పూ. 6 ఏప్రిల్ 17న మేషంలో చంద్రుడు గురుణ్ణి కప్పేశాడు. అంతా అందంగా అతికింది. కాకపోతే ఆ కప్పడం జరిగింది పట్టపగలు, ఎవరి కంటికీ కనబడలేదు. లెక్కగట్టి తెలుసుకున్నారంటాడు మోల్నార్. 2014లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో ఖగోళ శాస్త్రజ్ఞులు, చరిత్రకారులు, బైబిలు పండితులు కలిసి జరిపిన సదస్సులో ఈ వాదాన్నే కేంద్రంగా పెట్టుకుని చర్చించారు. ఏకాభిప్రాయం రాలేదు.

మరో వర్గం ఇంకా మెరిసే దృశ్యాన్ని చూపిస్తుంది. క్రీ.పూ. 2 జూన్ 17 సాయంత్రం పడమట గురు శుక్రులు ఒకే బిందువుగా కలిసిపోయినంత దగ్గరకొచ్చారు. అంతకు ముందు ఏడాది నుంచీ గురుడు సింహరాశిలోని మఖ దగ్గర మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. 1968లో రోజర్ సిన్నాట్ ఈ శుక్ర గురు యుతిని ఎత్తిచూపాక ప్లానెటేరియం ప్రదర్శనల్లో అదొక అలవాటైన అంకమైంది. నిజంగా చూడముచ్చటైన దృశ్యమే అయి ఉంటుంది. అయితే ఒక చిక్కు. క్రీ.పూ. 2 జూన్‌కు హేరోదు బతికి ఉండాలి.

అందుకే అన్ని దారులూ తిరిగి ఆ గ్రహణం దగ్గరకే వస్తాయి. జోసీఫస్ ప్రకారం గ్రహణం తర్వాత, పస్కా పండుగకు ముందు హేరోదు పోయాడు. యెరూషలేములో కనబడిన గ్రహణాలను లెక్కగడితే వరసలో ముందు నిలిచేవి మూడు. క్రీ.పూ. 5 సెప్టెంబరు 15 సంపూర్ణ గ్రహణం, క్రీ.పూ. 4 మార్చి 13 అర్ధరాత్రి దాటాక పట్టిన పాక్షిక గ్రహణం, క్రీ.పూ. 1 జనవరి 10 సంపూర్ణ గ్రహణం. రెండు వేల ఏళ్లలో భూమి తిరుగుడు మందగించడం వల్ల పోగుపడిన దాదాపు మూడు గంటల తేడాను కూడా సరిదిద్దాకే ఈ వేళలు చెప్పగలుగుతున్నాం. ఆ సవరణకు పాత బాబిలోనియా, చైనా గ్రహణ నమోదులే ఆధారం. చైనా తోకచుక్క మీద రాసిన స్టీఫెన్సనే ఈ పనిలోనూ ముఖ్యుడు.

ఎమిల్ షూరర్ కాలం నుంచి ఎక్కువమంది చరిత్రకారులు మార్చి 13నే ఒప్పుకుంటూ వచ్చారు. దానికో అభ్యంతరం ఉంది. ఆ ఏడు పస్కా ఏప్రిల్ 11. మధ్యలో నెల కూడా లేదు. ఈ లోపల రాజు వైద్యం కోసం కల్లిర్హొయె వేడి నీటి బుగ్గలకు వెళ్లాడు, యెరికోకు తిరిగొచ్చాడు, కొడుకు అంతిపత్రును చంపించాడు, ఐదు రోజులకు తానూ పోయాడు. శవాన్ని ఘనంగా హెరోదియం కోటకు ఊరేగించారు, కొడుకు అర్కెలాయు ఏడు రోజులు సంతాపం పాటించాడు. 1966లో ఫిల్మర్ అనే పరిశోధకుడు, ఆ తర్వాత ఎర్నెస్ట్ మార్టిన్, ఇదంతా నెలలో ఇమడదు కాబట్టి క్రీ.పూ. 1 జనవరి గ్రహణమే సరైనదన్నారు. అప్పుడైతే పన్నెండు వారాలు దొరుకుతాయి. శుక్ర గురు యుతికీ చోటు మిగులుతుంది. 1968లో తిమోతి బార్న్స్ అటు తిరిగి సెప్టెంబరు గ్రహణాన్ని చూపించాడు. అప్పుడు ఏడు నెలల వ్యవధి ఉంటుంది. నాకు బార్న్స్ మాట సబబనిపిస్తుంది కానీ మార్చినీ కొట్టిపారేయలేం. ఇరుకుగా ఉన్నా అసాధ్యమేమీ కాదు.

జనవరి పక్షానికి అడ్డు పడేది ఆకాశం కాదు, హేరోదు కొడుకులు. అర్కెలాయును అతని ఏలుబడి పదో ఏట అగస్తు చక్రవర్తి వెళ్లగొట్టాడు. అది క్రీ.శ. 6 అని రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో చెప్పాడు. వెనక్కి లెక్కిస్తే మొదటి ఏడు క్రీ.పూ. 4. ఫిలిప్పు ముప్పై ఏడేళ్లు ఏలి తిబెరి ఇరవయ్యో ఏట పోయాడు. మళ్లీ క్రీ.పూ. 4. అంతిప నాణేల మీద కడపటి అంకె 43. అతను పదవి పోగొట్టుకున్నది క్రీ.శ. 39లో. క్రీ.పూ. 4 నుంచి లెక్కిస్తే 43వ ఏడు అక్కడికే వస్తుంది. క్రీ.పూ. 1 నుంచి లెక్కిస్తే ఆ నాణెం అతను దేశాంతరం పోయిన మూడేళ్లకు ముద్రించినదై ఉండాలి. ఫిల్మర్ పక్షం వాళ్లు కొడుకులు తండ్రి బతికుండగానే ఏళ్లు లెక్కపెట్టుకున్నారని సర్దిచెబుతారు. ముగ్గురూ ఒకే ఏడును ఎందుకు ఎంచుకున్నారో, తండ్రి అందుకెలా ఒప్పుకున్నాడో చెప్పాల్సిన బాధ్యత ఇంకా వాళ్ల మీదే ఉంది.