కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు – గల్వాన్ వీరుడు

2020 జూన్ 15 రాత్రి తూర్పు లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో వీరమరణం పొందిన ఇరవై మంది భారత సైనికులకు అగ్రేసరుడు కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు. తెలంగాణలోని సూర్యాపేట ఆయన స్వస్థలం. బీహార్ రెజిమెంటు 16వ బెటాలియనుకు ఆయన కమాండింగ్ అధికారి. మరణానంతరం భారత ప్రభుత్వం ఆయనకు మహావీర చక్ర పురస్కారాన్ని ప్రకటించింది. యుద్ధకాలపు శౌర్య పురస్కారాలలో పరమవీర చక్ర తరువాతి స్థానం దీనిదే.

బాల్యము, విద్య

సంతోష్ బాబు తండ్రి బ్యాంకు ఉద్యోగి. సైన్యంలో చేరాలన్న తన కోరిక నెరవేరకపోవడంతో, కుమారుని ద్వారానైనా దానిని నెరవేర్చుకోవాలని ఆయన ఆశించారు. ఆ ఆశయంతోనే బాలుని చిన్ననాటనే ఇంటికి దూరంగా, విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక పాఠశాలకు పంపించారు. విజయనగర సంస్థానాధీశులకు చెందిన కోరుకొండ ప్యాలెస్‌లో 1962లో ప్రారంభమైన ఆ పాఠశాల అటు ఉత్తరాంధ్రకు, ఇటు తక్కిన తెలుగు జిల్లాలకు ఎందరో సైనికాధికారులను అందించింది. అక్కడి చదువు ముగిసిన పిదప ఆయన పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాలో గల జాతీయ రక్షణ అకాడమీలోను, అనంతరం డెహ్రాడూన్‌లోని భారత సైనిక అకాడమీలోను శిక్షణ పొందారు. 2004 డిసెంబరులో 16వ బీహార్ బెటాలియనులో అధికారిగా నియమితులయ్యారు. యువ అధికారిగా అడుగుపెట్టిన ఆ బెటాలియనుకే పదిహేనేళ్ల అనంతరం, 2019 డిసెంబరులో, నాయకత్వ బాధ్యతలు స్వీకరించారు.

గల్వాన్ ఘటన

గల్వాన్ లోయ సముద్ర మట్టానికి సుమారు 14,000 అడుగుల ఎత్తున ఉన్నది. వేసవిలో సైతం అక్కడి నదీజలం గడ్డకట్టించేంత చల్లగా ఉంటుంది. దర్బుక్ నుండి శ్యోక్ మీదుగా దౌలత్ బేగ్ ఓల్డీ వరకు భారత్ నిర్మించిన 255 కిలోమీటర్ల రహదారి ఈ లోయ ముఖద్వారం సమీపంగా సాగుతుంది. ఈ ప్రాంతానికి గల ప్రాముఖ్యానికి అది ప్రధాన కారణం.

2020 మే మాసం నుండి వాస్తవాధీన రేఖ వెంబడి ఉద్రిక్తత పెరిగింది. జూన్ 6న ఇరు సైన్యాల ఉన్నతాధికారులు చర్చలు జరిపి, బలగాలను వెనుకకు మళ్లించడానికి అంగీకరించారు. ఆ అంగీకారం అమలవుతున్న దశలోనే, గస్తీ కేంద్రం 14 సమీపాన చైనా శిబిరం విషయమై వివాదం తలెత్తింది. జూన్ 15న సంతోష్ బాబు తన సైనికులకు ముందు నిలిచి అక్కడికి వెళ్లారు.

వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపున ఏ పక్షమూ కాల్పులు జరుపరాదని 1996లో ఇరుదేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఈ కారణంగా ఆ రాత్రి పోరు తుపాకులతో జరుగలేదు. ప్రత్యర్థులు పదునైన ఆయుధాలతో తలపడ్డారు, ఎత్తైన ప్రదేశాల నుండి రాళ్లు రువ్వారు. చీకటిలో, చలిలో, ముఖాముఖిగా పోరు సాగింది. తీవ్రంగా గాయపడినప్పటికీ సంతోష్ బాబు వెనుదిరుగక, తుదిశ్వాస వరకు తన సైనికులను నడిపించారని పురస్కార ప్రశంసాపత్రం పేర్కొన్నది. 1975లో అరుణాచల్ సరిహద్దులోని తులుంగ్ లా వద్ద నలుగురు అస్సాం రైఫిల్స్ జవానులు మరణించిన తరువాత, చైనా సరిహద్దులో జరిగిన ఘర్షణలో భారత సైనికులు ప్రాణాలు కోల్పోవడం అదే ప్రథమం. తమ సైనికులు నలుగురు మరణించినట్లు చైనా 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది.

సహచర వీరులు

ఆ రాత్రి నేలకొరిగినవారు పలు రాష్ట్రాలకు, పలు భాషలకు చెందినవారు. ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాకు చెందిన నాయబ్ సుబేదార్ నుదూరాం సోరెన్, తమిళనాడులోని రామనాథపురం జిల్లాకు చెందిన హవల్దార్ కె. పళని, నాయక్ దీపక్ సింగ్, సిపాయి గుర్‌తేజ్ సింగ్ మరణానంతరం వీరచక్ర పొందారు. వీరిలో దీపక్ సింగ్ వైద్య సహాయకుడు. నాయకుడు తెలుగువాడు, రెజిమెంటు బీహారుది, పక్కన నిలిచి పోరాడినవారు ఒడియా, తమిళ, పంజాబీ, హిందీ ఇళ్ల బిడ్డలు.

గౌరవములు

సంతోష్ బాబు పార్థివదేహం జూన్ 17న హైదరాబాదు సమీపంలోని హకీంపేటకు చేరింది. మరునాడు సూర్యాపేట సమీపంలోని కేసారంలో, కుటుంబానికి చెందిన పొలంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. నలభై ఏళ్లు నిండకుండానే ఆయన భార్యను, కుమార్తెను, కుమారుని, తల్లిదండ్రులను విడిచి వెళ్లారు.

తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి ఐదు కోట్ల రూపాయలు, హైదరాబాదులో ఇంటిస్థలం, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది. అంతటితో ఆగక, తక్కిన పందొమ్మిది మంది అమరుల కుటుంబాలకు పది లక్షల రూపాయల వంతున సాయం ప్రకటించింది. 2022 మార్చిలో రాంచీలోను, ఆగస్టులో పాట్నాలోను నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర రావు జార్ఖండ్, బీహార్ అమరుల కుటుంబాలకు స్వయంగా చెక్కులు అందజేశారు. అమరుని ఋణానికి రాష్ట్రాల ఎల్లలు అడ్డురావని చాటిన ఘట్టమది.

మహావీర చక్రను 2021 జనవరి 26న ప్రకటించారు. అదే సంవత్సరం నవంబరులో రాష్ట్రపతి భవన్‌లో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా తల్లి, భార్య కలిసి దానిని స్వీకరించారు. ప్రథమ వర్ధంతి నాడు సూర్యాపేటలో ఆయన కాంస్య విగ్రహం ఆవిష్కృతమైంది. ఇరవై మంది వీరులకు శ్యోక్–దౌలత్ బేగ్ ఓల్డీ మార్గంలో స్మారకం వెలసింది. ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంపై వారి పేర్లు చెక్కబడ్డాయి.

సైనిక కుటుంబాలు గమనించవలసినవి

శత్రువుతో జరిగిన పోరులో మరణించిన సైనికుని కుటుంబానికి, ఆయన చివరి వేతనంతో సమానమైన సరళీకృత కుటుంబ పింఛను (లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్) లభిస్తుంది. ఇది కేంద్ర ప్రభుత్వం ఇచ్చునది కనుక ఏ రాష్ట్రంలో నివసించినా మారదు. రాష్ట్ర ప్రభుత్వాల నగదు సాయం, ఉద్యోగం, ఇంటిస్థలం మాత్రం ఆయా రాష్ట్రాల ఉత్తర్వులను, సైనికుని స్థిరనివాసాన్ని అనుసరించి ఉంటాయి. ఈ విషయాలలో కుటుంబానికి తోడ్పడునది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం.

సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలలో ఒకే పేరు కన్నడ, తమిళ, ఒడియా పత్రాలలో వేర్వేరు రీతుల నమోదై ఉండడం కద్దు. సైనికుడు సెలవుపై ఇంటికి వచ్చినప్పుడే శాశ్వత చిరునామా, వివాహము, సంతానము, వారసుల పేర్లు సైనిక రికార్డులలోను, ఇంటి పత్రాలలోను ఒకే తీరుగా ఉన్నవో లేవో సరిచూచుకోవడం శ్రేయస్కరం. కష్టకాలంలో ఆ ఇంటి ఇల్లాలు కార్యాలయాల చుట్టూ తిరుగవలసిన అగత్యం తప్పుతుంది. విగ్రహానికి పూలమాల వేయడంతో పాటు, అమరుని ఇంటివారికి రావలసినది సకాలంలో అందేలా చూడడమూ ఆయనకు చేసే గౌరవమే.