ఫిజియోథెరపీ: ఆటగాళ్లకే కాదు, బాలింతలకు, ఇంట్లో పెద్దలకు కూడా

ఇంట్లో ఎవరికైనా మోకాలో, నడుమో పట్టేస్తే ముందుగా మాలిష్ చేస్తారు. తగ్గకపోతే వేడినీళ్ల కాపడం, ఆ తర్వాత మెడికల్ షాపు నుంచి నొప్పి మాత్ర. ఫిజియోథెరపిస్టు గుర్తొచ్చేసరికి నెలలు గడిచిపోతాయి. చాలామంది దృష్టిలో ఫిజియోథెరపీ అంటే యాక్సిడెంట్ అయినవాళ్లకో, పక్షవాతం వచ్చినవాళ్లకో చేసే వైద్యం. ఇంకొందరికి అది కరెంటు మిషన్ పెట్టే చోటు. నిజానికి ఈ వైద్యంలో అసలు మందు కదలికే. ఏ కండరం బలహీనపడింది, ఏ కీలు బిగుసుకుపోయింది, నడకలో, కూర్చునే తీరులో తేడా ఎక్కడుంది అన్నది చూసి, దానికి తగిన కసరత్తు నేర్పిస్తారు. మిషన్లు, వేడి, ఐస్ అన్నీ దానికి తోడు మాత్రమే.

ఏటా సెప్టెంబర్ 8న ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం జరుపుతారు. 1951లో అదే రోజున అంతర్జాతీయ ఫిజియోథెరపిస్టుల సమాఖ్య ఏర్పడింది. మన దేశంలో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఫిజియోథెరపీని కూడా తన పరిధిలోకి తీసుకుంది.

ఆటగాళ్లకు: ఆపరేషన్‌తో పని అయిపోదు

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు 2017లో భుజానికి గాయమైంది. ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. దాదాపు ఏడాది పాటు రింగ్‌కు దూరంగా ఉంది. అదే నిఖత్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. 2023 మార్చిలో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ గెలిచింది. ఇలాంటి గాయాల్లో సర్జన్ తెగినదాన్ని సరిచేస్తాడు. కానీ వాడకుండా ఉంచిన కండరం కొద్ది వారాల్లోనే సన్నబడిపోతుంది, కీలు బిగుసుకుంటుంది. ఆ బలాన్ని, ఆ కదలికను తిరిగి తేవడం ఫిజియోథెరపీ పని.

గల్లీ క్రికెట్, స్కూల్ ఫుట్‌బాల్, కబడ్డీ ఆడే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. చీలమండ బెణికితే మొదటి రెండు రోజులు వేడి కాపడం, గట్టి మాలిష్ చేయకూడదు. వాపు ఇంకా పెరుగుతుంది. గుడ్డలో చుట్టిన ఐస్‌ను ఒక్కోసారి 15 నిమిషాల దాకా పెట్టాలి, క్రేప్ బ్యాండేజ్ చుట్టాలి, కాలు ఎత్తులో ఉంచాలి. నాలుగడుగులు కూడా వేయలేకపోతున్నా, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. ఎక్స్‌రే లేకుండా నాటు కట్టు కట్టించడం ప్రమాదం. విరిగిన ఎముక వంకరగా అతుక్కుంటే సరిచేయడం కష్టం.

మోకాలి లిగమెంట్‌కు ఆపరేషన్ అయితే మళ్లీ మైదానంలోకి దిగడానికి సాధారణంగా కనీసం 9 నెలలు పడుతుంది. మూడు నెలలకే నొప్పి పోవచ్చు. నొప్పి పోగానే ఆటకు పరుగెత్తినవాళ్లే మళ్లీ గాయంతో వెనక్కి వస్తుంటారు. గాయమైన కాలికి రెండో కాలితో దాదాపు సమానమైన బలం వచ్చిందా, గెంతి నిలకడగా దిగగలుగుతున్నారా అని పరీక్షించాకే ఆటకు అనుమతి ఇస్తారు.

గర్భిణులకు: కూర్చోవడమే విశ్రాంతి కాదు

గర్భం దాల్చాక హార్మోన్ల వల్ల కీళ్లను పట్టి ఉంచే కణజాలం వదులవుతుంది. పొట్ట పెరిగేకొద్దీ బరువు ముందుకు జరిగి నడుం మీద భారం పడుతుంది. అందుకే నడుం నొప్పి, కటి ఎముకల దగ్గర నొప్పి చాలామందికి వస్తాయి. "ఈ రోజుల్లో ఇది మామూలే, ఓర్చుకో బేటీ" అని పెద్దవాళ్లు అనేస్తారు. నొప్పి రావడం మామూలే కావచ్చు, కానీ తగ్గించుకునే మార్గాలున్నాయి. పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోవడం, మంచం మీంచి లేచేటప్పుడు పక్కకు దొర్లి చేతి ఊతంతో లేవడం, నిలబడి బట్టలు వేసుకోకుండా కూర్చుని వేసుకోవడం లాంటి చిన్న మార్పులు కూడా ఉపశమనం ఇస్తాయి.

డాక్టర్ వద్దని చెప్పకపోతే గర్భిణులు వారానికి 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. అంటే రోజుకు అరగంట చొప్పున వారంలో 5 రోజుల నడక. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి, ఒక పిక్కలోనే వాపు, నొప్పి కనిపిస్తే వ్యాయామం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కాన్పు తర్వాత: ఎవరికీ చెప్పుకోని సమస్య

మన ఇళ్లలో కాన్పు తర్వాత చిల్లా దాకా, అంటే 40 రోజులు బాలింతను మంచం దిగనివ్వని అలవాటు ఉంది. విశ్రాంతి అవసరమే. పూర్తిగా కదలకపోవడం మాత్రం మంచిది కాదు. కాన్పు తర్వాత కొన్ని వారాల పాటు కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ. అందుకే సిజేరియన్ అయినా డాక్టర్లు మొదటి రోజే పాదాలు పైకీ కిందికీ ఆడించమంటారు, పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తారు. సుమారు 6 వారాల దాకా బిడ్డ కంటే ఎక్కువ బరువు ఎత్తకపోవడం మంచిది.

ఇంకో సమస్య గురించి ఆడవాళ్లు తల్లితో కూడా చెప్పుకోరు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం చుక్కలు పడటం. వుజూ ఉందో లేదో అన్న అనుమానంతో నమాజు మధ్యలో ఆపేసేవారున్నారు. పెళ్లిళ్లకు, ప్రయాణాలకు వెళ్లడం మానేసినవారున్నారు. పిల్లల్ని కన్నాక ఇది తప్పదనుకుని ఏళ్ల తరబడి భరిస్తారు. కాన్పులో సాగిపోయిన కటి అడుగు కండరాలకు బలం తెస్తే చాలామందికి ఇది తగ్గుతుంది, కొందరికి పూర్తిగా పోతుంది.

కసరత్తు ఇలా ఉంటుంది. మూత్రాన్ని, గ్యాస్‌ను ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే లోపలికి, పైకి లాగినట్టు బిగించాలి. కొన్ని సెకన్లు అలాగే ఉంచి మెల్లగా వదలాలి. ఊపిరి బిగపట్టకూడదు. తొడలు, పిరుదులు బిగించకూడదు. ఒక్కో పూట కనీసం 8 సార్లు, రోజుకు 3 పూటలు, తక్కువలో తక్కువ 3 నెలలు చేయాలి. వారంలో ఫలితం రాలేదని మానేస్తే లాభం లేదు. మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపుతూ ఈ కసరత్తు చేయకూడదు. సరిగ్గా చేస్తున్నామో లేదో తెలియకపోతే మహిళా ఫిజియోథెరపిస్టు నేర్పిస్తారు. అప్పటిదాకా వుజూ, నమాజు విషయంలో ఏం చేయాలన్నది నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు. ఇలాంటి ఇబ్బంది ఉన్నవారికి షరీఅత్‌లో సౌలభ్యం ఉంది.

ఓపిగ్గా చేస్తే శరీరం మళ్లీ కుదురుకుంటుందనడానికి హైదరాబాదీ సానియా మీర్జాయే ఉదాహరణ. 2018 అక్టోబర్‌లో కొడుకు ఇజ్హాన్ పుట్టాడు. 2020 జనవరిలో ఆమె హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది. ఒక ప్రొఫెషనల్ క్రీడాకారిణికే ఏడాదికి పైగా పట్టింది కాబట్టి, మామూలు ఇల్లాలు మూడు నెలల్లో పాత శరీరం రాలేదని దిగులు పడక్కర్లేదు.

ఇంట్లో పెద్దలకు, రోజువారీ జీవితానికి

మసీదుల్లో కుర్చీల వరుస ఏటా పెరుగుతోంది. కుర్చీలో నమాజు చదివే అందరికీ కాకపోయినా, కొందరికైనా తొడ కండరాలు బలపడితే మళ్లీ నేల మీద సజ్దా చేయడం వీలవుతుంది. మోకాళ్ల అరుగుదలకు ప్రపంచవ్యాప్తంగా మొదట సూచించే వైద్యాల్లో వ్యాయామం ఒకటి. రెండు తేలికైన కసరత్తులు:

- వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, రెండో కాలు నిటారుగా అడుగు ఎత్తు లేపి 5 సెకన్లు ఉంచి దించాలి. ఒక్కో కాలికి 10 సార్లు.
- గట్టి కుర్చీలోంచి వీలైతే చేతుల ఊతం లేకుండా లేచి, మెల్లగా కూర్చోవాలి. 5 సార్లతో మొదలుపెట్టి 10కి పెంచాలి.

చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి ఉండొచ్చు. మర్నాటికి కూడా నొప్పి పెరిగే ఉంటే లెక్క తగ్గించాలి.

షుగర్ ఉన్నవారికి భుజం పట్టేయడం మిగతావాళ్ల కంటే ఎక్కువ. షేర్వానీ తొడుక్కోవడం, జడ వేసుకోవడం కష్టమైతే ఆలస్యం చేయకూడదు. మగ్గం వర్క్, కుట్టుపని చేసే ఆడవాళ్లు గంటల తరబడి మెడ వంచుకుని కూర్చుంటారు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు నడిచి, భుజాలు వెనక్కి తిప్పితే మెడ నొప్పి చాలావరకు అదుపులో ఉంటుంది.

నడుం నొప్పితో పాటు మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాళ్లలో బలం పోతున్నా అది కసరత్తుతో తగ్గేది కాదు. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లాలి.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

బీపీటీ లేదా ఎంపీటీ చదివినవారిని మాత్రమే నమ్మాలి. బీపీటీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్ల కోర్సు. డిగ్రీ గురించి అడగడం తప్పేమీ కాదు. హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. జిల్లాల్లో ఉన్నవారు దగ్గర్లోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో ముందుగా వాకబు చేయవచ్చు. ఆడవాళ్లు మహిళా ఫిజియోథెరపిస్టు కావాలని ముందే అడగవచ్చు. తల్లినో, అక్కనో గదిలో తోడుంచుకోవచ్చు. పర్దా కారణంగా వైద్యమే మానేయాల్సిన పని లేదు.

మంచి ఫిజియోథెరపిస్టు ముందు నడిపించి, వంచి, కదిలించి చూస్తారు. ఇంట్లో చేయాల్సిన కసరత్తు రాసిస్తారు. రోజూ మిషన్ పెట్టి పంపేస్తూ కసరత్తు ఏమీ నేర్పకపోతే ఇంకో చోట చూపించుకోవడం మేలు. వారానికి రెండుసార్లు క్లినిక్‌కు వెళ్లినా, మిగతా రోజుల్లో ఇంట్లో చేసే పది నిమిషాలే అసలు ఫలితం ఇస్తాయి. ఫజ్ర్ తర్వాతో, అస్ర్ తర్వాతో ఒక వేళ పెట్టుకుంటే మర్చిపోకుండా సాగుతుంది.