ఆకున పుట్టిన అందము: సీతాకోకచిలుకల పుట్టుపూర్వోత్తరములు

కృష్ణానదికి పడమటి డెల్టాయందు, తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గముపై నున్న వేమూరు పరిసరములలో, వానలు వెనుకపట్టి వరిపైరు పాలుపోసుకొను దినములలో కాలువగట్టు వెంబడి నడచువారికి, మోకాలెత్తు మొక్కల నడుమ పసుపు, నారింజ, నీలము, నలుపు వన్నెల రెక్కలు అడుగడుగునకును ఎదురగుచుండును. అవి పూవునుండి పూవునకు తేలిపోవుటను చూచి, సీతాకోకచిలుక పూలలోకమునకు చెందిన ప్రాణి యనియే మనము తలచుచుందుము. కాని దాని వంశచరిత్రమును మొదటినుండి విచారించినచో, పూవు దానికి అతిథిశాల మాత్రమే యనియు, పుట్టినిల్లు ఆకే యనియు, లోకమందలి సీతాకోకచిలుకల అందమంతయు, వైవిధ్యమంతయు ఆకును తిను పురుగుబ్రతుకునుండియే రూపుదిద్దుకొనె ననియు తేటపడును.

భూమిపై పూలమొక్కలు విస్తరించుచున్న క్రిటేషియస్ యుగమున, రమారమి 10 కోట్ల సంవత్సరములకు పూర్వము, రాత్రివేళ సంచరించు రెక్కలపురుగుల కులమునుండి ఒక శాఖ పగటివెలుగులోనికి వచ్చినది. ఆ శాఖయే సీతాకోకచిలుకల వంశము. గబ్బిలముల బాధకు వెరచియే ఇవి రాత్రిని విడిచి పగటిని ఆశ్రయించెనని శాస్త్రజ్ఞులు చిరకాలము భావించిరి. కాని 2019లో ప్రకటితమైన జన్యుపరిశోధన, గబ్బిలములు పుట్టుటకు కోట్లాది సంవత్సరములు ముందుగానే ఈ ప్రాణులు పగటిచరములైనవని నిరూపించినది. తేనెటీగలతోపాటు పరిణమించిన మధుపూర్ణములగు పూవులే వీనిని పగటికి రప్పించెనని నేటి పండితుల అభిప్రాయము. పలుచని రెక్కలు శిలలలో నిలుచుట అరుదు గావున వీని శిలాజములు మిక్కిలి స్వల్పము. డెన్మార్కు దేశమున దొరకిన సుమారు 5.5 కోట్ల యేండ్లనాటి అవశేషము వానిలో మిగుల ప్రాచీనమైన వానియందొకటి.

శిలలు చెప్పని కథను ఇటీవల జన్యువులు చెప్పినవి. అమెరికాలోని ఫ్లోరిడా ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలకు చెందిన అకిటో కవహారా నాయకత్వమున, 90 దేశములనుండి సేకరింపబడిన దాదాపు 2,300 జాతుల జన్యుపదార్థమును పోల్చి చూచిన పరిశోధకులు, 2023లో ఈ వంశమునకొక వృక్షమును నిర్మించిరి. దాని ననుసరించి తొలి సీతాకోకచిలుకలు ఉత్తర, మధ్య అమెరికా ప్రాంతములలో పుట్టి, పిదప ఆసియాకు చేరినవి. సుమారు 6 కోట్ల సంవత్సరముల క్రిందట, ఇంకను ఆసియాఖండముతో కలియక సముద్రమధ్యమున ద్వీపమై యున్న భారతభూమికిని వచ్చినవి. అన్నిటికంటె ఆశ్చర్యకరమగు విషయము వాని ఆహారమును గూర్చినది: ఆదిమ సీతాకోకచిలుకల పురుగులు తినిన మొక్కలు చిక్కుడుజాతివి, అనగా మన కంది, పెసర, మినుముల కులమునకు చెందినవి.

ఈ మాట వేమూరు రైతునకు దూరపు మాట కాదు. సార్వా వరికోతకు రెండుమూడు దినములు ముందుగా, నిలిచియున్న పైరులోనే మినుములు చల్లి, మాగాణిలో మిగిలిన పదునుతోనే రెండవ పంటను తీయు పద్ధతి ఈ సీమయందు చిరకాలముగా నున్నది. ఆ మినుము పూతకు వచ్చునప్పటికి, లేత నీలిరెక్కలును, వెనుక రెక్క చివర సన్నని తోకయు, తోకమొదట నల్లని కంటిచుక్కయు గల చిన్ని సీతాకోకచిలుక చేనిపై మెదలజొచ్చును. దాని పురుగు పూమొగ్గను, లేతకాయను తొలిచి తినును. కాలువగట్లనున్న కసింద, తంటెపు మొక్కలపైనను, పచ్చిరొట్టకై చల్లిన జీలుగపైనను పెరుగు పసుపుపచ్చని, పాలవన్నె సీతాకోకచిలుకలును చిక్కుడుకులపు ఆకులనే నమ్ముకొన్నవి. పది కోట్ల యేండ్లనాటి ఆ తొలి భోజనము మన మినుముచేలలో నేటికిని సాగుచున్నది.

ఆ తొలి ఆకునుండి తక్కిన ఆకులకు మారుటయే సీతాకోకచిలుకల వైవిధ్యమునకు మూలము. మొక్క తన్ను తినవచ్చు పురుగునుండి కాచుకొనుటకై ఆకులో చేదును, ఘాటును, విషమును నింపుకొనును. ఆ విషమును జీర్ణించుకొనగల్గిన పురుగునకు ఆ మొక్క సొంతమగును. అట్లు సొంతమైన మొక్కతోడి చిరసహవాసమున ఒక్కొక్క జాతి వేరుపడుచు వచ్చినది. నేడు లోకమునగల సుమారు 18,000 జాతులలో మూడింట రెండువంతులకు మించినవి ఒక్కొక్క మొక్కల కుటుంబమునే నమ్ముకొని జీవించుచున్నవని 2023నాటి పరిశోధనయే తెలుపుచున్నది. వేమూరు చుట్టుపట్ల ఈ సూత్రమును పుస్తకము లేకయే చదువవచ్చును: నిమ్మ, కరివేపలపై నలుపు పసుపుల నిమ్మ సీతాకోకచిలుకయు, దాని దాయాదియగు నల్లని మార్మనును, ఆముదముపై గోధుమవన్నె చారలదియు, జిల్లేడుపై నారింజవన్నె పులిచిలుకయు, వీథులలో నాటిన నరమామిడిపై పచ్చచుక్కల తోకపిట్టయు, మామిడికొమ్మ నంటుకొన్న బదనికపై ఎరుపు పసుపుల అంచుగల తెల్లనిదియు పెరుగుచుండును. తెనాలి నిమ్మకు ప్రసిద్ధి. ఆ నిమ్మతోటలో రైతు ఏరివేయు, పక్షిరెట్టను పోలిన పురుగే, ముదిరి పచ్చబడి, బెదరించినప్పుడు తలవెనుకనుండి చీలిన కొమ్మును వెలికిదీసి దుర్వాసన విడుచుచు, కడకు ప్యూపాయై, తోటయందెల్ల శోభిల్లు ఆ రెక్కల ప్రాణియగును.

రెక్కలపై రంగు దేనినుండి వచ్చినది? రెక్కను వ్రేలితో ముట్టినప్పుడు అంటు పుప్పొడివంటి పదార్థము సూక్ష్మములగు పొలుసుల సమూహము. ఇంటికప్పుపై పెంకులవలె అవి వరుసలు దీరియుండును. కొన్ని రంగులు పొలుసులోని వర్ణద్రవ్యమువలన కలుగును. కొన్ని నీలములు మాత్రము ఏ వర్ణద్రవ్యమును లేకయే, పొలుసుయొక్క నిర్మాణముపై వెలుగు విరిగి మెరయుటచే పుట్టును. పాలవన్నె, పసుపువన్నె సీతాకోకచిలుకల రంగును 19వ శతాబ్దాంతమున పరిశీలించిన ఫ్రెడరిక్ గౌలండ్ హాప్కిన్స్, తరువాత విటమినులపై కృషికి 1929లో నోబెల్ బహుమానము నందుకొనెను.

ఈ అలంకారము ఉబుసుపోకకు పుట్టినది కాదు. గాడిదగడపాకును, ఈశ్వరితీగను తిని పెరిగిన ఎర్రని దేహముగల సీతాకోకచిలుకలు ఆ మొక్కల విషమును తమ యొడలిలో దాచుకొనును. వాని ఎరుపు పక్షికి హెచ్చరిక. ఏ విషమును లేని మార్మను ఆడువానిలో కొన్ని ఆ ఎర్రదేహపు జాతుల వేషమును ధరించి ప్రాణరక్షణ చేసికొనును; కొన్ని మాత్రము మగదానివలెనే యుండును. ఒకే జాతిలో ఆడువి ఇన్ని వేషములతో నుండుటను ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రసెల్ వాలేసు 1865లో వివరించెను. ఆ వేషములన్నియు డబుల్‌సెక్స్ అను ఒక్క జన్యువు అధీనమున నున్నవని కృష్ణమేఘ్ కుంటే ప్రభృతులు 2014లో కనుగొనిరి. గంగపావిలికూర తిని పెరుగు మరియొక జాతియందు, నల్లని మగదానికి తెల్లని చుక్కలుండగా, ఆడుది జిల్లేటి పులిచిలుకను అచ్చుగుద్దినట్లుండును.

వరిచేనికిని తన చిలుక కలదు. ఎర్రని కొమ్ముల తలతో ఆకుపచ్చని పురుగై వరియాకును తిను సాయంకాలపు గోధుమచిలుక, వానకాలమున రెక్క క్రిందివైపున కంటిచుక్కలతో పుట్టును. ఎండకాలమున అదే జాతి చుక్కలు మాసి, ఎండుటాకు రూపుతో పుట్టును. పచ్చని చేనిలో కంటిచుక్క పక్షిముక్కును ప్రాణముగల దేహమునుండి రెక్క అంచునకు మళ్ళించును. ఎండిన చేనిలో ఎండుటాకై పడియుండుటయే క్షేమము. ఋతువు ననుసరించి దుస్తులు మార్చుట ఒక్క ప్రాణికి గాక, ఒక తరమునుండి మరియొక తరమునకు జరుగుట ఇందలి విశేషము.

మానవుడు ఈ చరిత్రమును తెలిసికొన్న క్రమమునను ఆకే దారిచూపినది. జర్మనీదేశీయురాలగు మరియా సిబిల్లా మేరియన్ 1679లోను, సురినాము యాత్రానంతరము 1705లోను ప్రకటించిన గ్రంథములలో, పురుగును దాని ఆహారపుమొక్కతో కూడ చిత్రించి, గ్రుడ్డు మొదలు రెక్కలవరకు గల దశల నొక్క పుటలో చూపెను. లినేయసు 1758లో నామకరణపద్ధతిని జంతులోకమునకు స్థిరపరచినప్పుడు, నిమ్మచిలుక, మార్మను, పులిచిలుకలకు నేటి శాస్త్రనామములకు మూలమైన పేర్లు కలిగినవి. ఆయన శిష్యుడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వచ్చి, దక్షిణదేశపు మొక్కలను, కీటకములను సేకరించి ఐరోపాకు పంపగా, వానిలో అనేక కీటకములను కీటకశాస్త్రజ్ఞుడు ఫాబ్రీషియస్ వర్ణించెను. ఆ కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురమున మన తెలుగునేలయందే కన్నుమూసెను. ఆయన మిత్రుడు విలియం రాక్స్‌బర్గు సామర్లకోటలో నివసించి, కోరమాండలు తీరపు మొక్కలను తెలుగుపేర్లతో సహా గ్రంథస్థము చేసెను. 20వ శతాబ్దమున టి.ఆర్. బెల్ కన్నడతీరపు అడవులలో ఏ పురుగు ఏ ఆకును తినునో పరిశోధించి వ్రాయగా, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులు విశాఖపట్టణ ప్రాంతపు సీతాకోకచిలుకల జీవితచక్రములను అట్లే శ్రద్ధతో నమోదుచేసిరి.

వేమూరు నేడు చూచు పంటభూమి రూపము మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు సాగి, ఈ సీమ వరిమాగాణియైనది. 1957లో ప్రకాశం బారేజీ దానికి బదులు నిలిచినది. పొలమంతయు వరి ఆక్రమించిన చోట, జిల్లేడునకు, కసిందకు, గాడిదగడపాకునకు మిగిలినది కాలువగట్టు, చేనిగట్టు, రైలుకట్ట ప్రక్క, చెరువుకొమ్ము మాత్రమే. సీతాకోకచిలుకలకు మిగిలినదియు అంతియే. గట్టును కలుపుమందుతో నున్నగా మాడ్చివేయు వాడుక హెచ్చినకొలది, పురుగుమందు గట్టుదాటి పోయినకొలది, ఆ ఇరుకుచోటును తరుగుచున్నది. చట్టము తన వంతు చేసినది: గాడిదగడపాకును నమ్ముకొన్న ఎర్రదేహపు చిలుక నొకదానిని, గంగపావిలికూరను నమ్ముకొన్న వేషధారిని 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టపు పట్టికలలో చేర్చినది. కాని చట్టము రెక్కను పట్టుకొను చేతిని ఆపగలదే గాని, ఆకును మాడ్చు మందును ఆపలేదు.

కావున సీతాకోకచిలుకలను కోరువారు పెరటిలో పూలమొక్క లొక్కటే పెంచిన చాలదు. పూవు వచ్చిన అతిథికి తేనె నిచ్చును గాని సంతానమునకు అన్నము పెట్టలేదు. పంటకు చెరుపు చేయని గట్టునందు జిల్లేడును జిల్లేడుగా, కసిందను కసిందగా ఉండనిచ్చుట, పెరటి కరివేపపై నాలుగు పురుగులను సహించుట, బడిపిల్లలకు పూవుపై వాలినదానిని చూపినట్లే ఆకుక్రింది గ్రుడ్డును చూపుట: ఇవి ధనవ్యయము లేని పనులు. వేమూరు, చావలి, జంపని గ్రామముల రైతులు తలచుకొన్నచో ఈ కారునుండియే చేయదగినవి. పది కోట్ల సంవత్సరములు నిలిచిన వంశమును ఆకే కాచినది. ఇకమీద ఆ ఆకును కాచు భారము గట్టు చేతనున్నవారిది.