విక్టోరియా కాలపు బ్రిటిషు అశ్విక సైనికుడు

విక్టోరియా మహారాణి పాలనాకాలంలో (1837–1901) బ్రిటిషు సైన్యపు అశ్వికదళాలలో ప్రైవేటు హోదాలో పనిచేసిన సాధారణ సైనికుని జీవితాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. చిత్రపటాలలో బంగారు జరీ అల్లికల కోటుతో, మెరిసే కత్తితో కనిపించే ఈ సైనికుడు నిజానికి రోజులో అధికభాగాన్ని గుర్రపు లాయంలోనే గడిపేవాడు. యుద్ధంలో కన్నా రోగాల వల్ల మరణించే అవకాశమే అతనికి ఎక్కువగా ఉండేది. తెలుగు ప్రాంతంలో ఇటువంటి సైనికులు నివసించిన ప్రధాన స్థావరం సికింద్రాబాదు.

అశ్వికదళంలో రకాలు

రాజపరివార అశ్వికదళం కాక డ్రాగూన్ గార్డులు, డ్రాగూన్లు, హుస్సార్లు, లాన్సర్లు అనే రెజిమెంట్లు ఉండేవి. లాన్సర్ల ప్రత్యేక ఆయుధం బల్లెం. తేలిక డ్రాగూన్లు అనే మరొక తరగతి 1861 నాటికి హుస్సార్లలో కలిసిపోయింది. కత్తి, కార్బైన్ అనే పొట్టి తుపాకి అశ్వికుని సాధారణ ఆయుధాలు.

సైన్యంలో చేరిక, జీతం

పని దొరకని కూలీలు, పట్టణ పేదలు, ఐర్లండు రైతుబిడ్డలు ఎక్కువగా సైన్యంలో చేరేవారు. చేరిన గుర్తుగా ఒక షిల్లింగు నాణెం ఇచ్చేవారు. 1847కు పూర్వం చేరినవారు దాదాపు జీవితకాలమంతా సేవ చేయవలసి ఉండేది. ఆ ఏడాది వచ్చిన చట్టం అశ్వికునికి 12 సంవత్సరాల గడువు నిర్ణయించింది. 1870 చట్టం ప్రకారం అందులో కొంతకాలం దళంలోను, మిగిలిన కాలం ఇంటివద్ద రిజర్వులోను ఉండే వీలు కలిగింది.

పదాతి సైనికుని రోజు జీతం ఒక షిల్లింగు. అశ్వికునికి అంతకన్నా కొద్ది పెన్నీలు ఎక్కువ. అయితే ఆహారం, బట్టల ఉతుకు, పోయిన సామగ్రి వంటి వాటికి కోతలు పోగా చేతికి అందేది స్వల్పమే. రోజుకు ఒక పౌను రొట్టె, ముప్పాతిక పౌను మాంసం అతని రేషను. ఆ మాంసం తూకంలో ఎముక కూడా కలిసి ఉండేది.

దినచర్య

తెల్లవారుజామున బాకా ఊదగానే దినచర్య మొదలయ్యేది. ముందుగా లాయం శుభ్రం చేసి, గుర్రానికి నీళ్ళు పెట్టి, మాలీసు చేసి, దాణా వేసిన తరువాతనే సైనికుడు తన ఉదయాహారానికి వెళ్ళాలి. మధ్యాహ్నం, సాయంత్రం మళ్ళీ ఇదే పని. మిగిలిన సమయం కవాతుకు, జీను, కళ్ళెం, రికాబుల మెరుగుకు సరిపోయేది. కొత్తగా చేరినవారికి స్వారీశాలలో నెలల తరబడి శిక్షణ ఉండేది. రికాబులు లేకుండా స్వారీ చేయించడం అందులో ఒక భాగం. కిందపడి ఎముకలు విరగడం అరుదేమీ కాదు.

క్రమశిక్షణ - కొరడా శిక్ష

ఆనాటి క్రమశిక్షణ కఠినమైనది. లండను సమీపంలోని హౌన్‌స్లోలో 7వ హుస్సార్ల దళానికి చెందిన ఫ్రెడరిక్ జాన్ వైట్ అనే ప్రైవేటు, మద్యం మత్తులో ఒక సార్జెంటును ఇనుప ఊచతో కొట్టాడు. 1846 జూన్‌లో అతనికి 150 కొరడా దెబ్బలు వేశారు. అతడు జూలై 11న మరణించాడు. సైనిక వైద్యులు మరణానికి శిక్షతో సంబంధం లేదన్నారు. అయితే మరణ విచారణాధికారి, లాన్సెట్ వైద్యపత్రిక స్థాపకుడు అయిన థామస్ వాక్లే జరిపిన విచారణలో కొరడా దెబ్బలే కారణమని జ్యూరీ నిర్ణయించింది. ప్రజల ఆగ్రహం ఫలితంగా అదే సంవత్సరం దెబ్బల సంఖ్యను గరిష్ఠంగా 50కి తగ్గించారు. శాంతికాలంలో ఈ శిక్షను 1868లోను, పూర్తిగా 1881లోను రద్దు చేశారు. ఒక సామాన్య సైనికుని మరణం సైనిక చట్టాన్ని మార్చిన సందర్భాలలో ఇది ముఖ్యమైనది.

కుటుంబం, చదువు

పై అధికారి అనుమతి లేనిదే సైనికుడు వివాహం చేసుకోరాదు. అనుమతి కొద్దిమందికే లభించేది. శతాబ్ది మధ్యకాలం వరకు అటువంటి దంపతులు కూడా అందరూ పడుకునే బారకాసులోనే ఒక మూల దుప్పటి తెర కట్టుకుని కాపురం చేసేవారు. అనుమతి లేకుండా పెళ్ళాడిన వారి భార్యలకు వసతి, రేషను ఉండేవి కావు. దళం విదేశానికి కదిలితే ఆ స్త్రీలు నిరాధారులయ్యేవారు.

1846లో సైనిక ఉపాధ్యాయుల దళం ఏర్పడింది. 1861 నుండి పదోన్నతికి విద్యా ధ్రువపత్రాలు అవసరమయ్యాయి. 1877లో 16వ లాన్సర్లలో ప్రైవేటుగా చేరిన విలియం రాబర్ట్‌సన్ 1920లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. బ్రిటిషు సైన్యంలో అట్టడుగు నుండి ఆ పదవికి చేరినవాడు ఇతనొక్కడే. కొడుకు సైన్యంలో చేరడం కన్నా చనిపోవడమే మేలని అతని తల్లి బాధపడిందంటే, ఆనాటి సమాజంలో సైనికునికి ఉన్న గౌరవం ఎంతటిదో ఊహించవచ్చు.

సికింద్రాబాదులో జీవితం

పల్నాడు 1801లో ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. దానికి ఉత్తరాన కృష్ణానది ఆవలి ఒడ్డు నిజాం రాజ్యం. 1798 నాటి సైన్యసహకార సంధి వల్ల నిజాం రాజ్యంలో ఆంగ్ల సైన్యం నిలిచింది. హుసేన్‌సాగర్‌కు ఉత్తరాన ఏర్పడిన ఆ దండుకు 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాదు అని పేరు వచ్చింది. తిరుమలగిరి, బొల్లారం వరకు ఈ కంటోన్మెంటు విస్తరించింది. తిరుమలగిరిలో కట్టిన సైనిక కారాగారం విండ్సర్ కోటను పోలి ఉంటుంది.

ఇంగ్లండు నుండి వచ్చే దళం తన గుర్రాలను వెంట తెచ్చేది కాదు. వెళ్ళిపోయే దళపు గుర్రాలనే స్వీకరించేది. 1874లో వాడి-సికింద్రాబాదు రైలుమార్గం ఏర్పడ్డాక ప్రయాణం సులువయింది. ఇక్కడి గుర్రాలలో అనేకం ఆస్ట్రేలియా నుండి ఓడలలో తెచ్చిన వేలర్లు. వీటికి దక్షిణదేశంలో ప్రధానమైన దాణా ఉడికించిన ఉలవలు. ఇంగ్లండులో తానే చేసిన లాయం పనిలో చాలా భాగం ఇక్కడ స్థానికుల చేతికి వచ్చింది. సైసు, గడ్డి కోసేవాడు, నీళ్ళ భిస్తీ, చాకలి, మంగలి, పంకా లాగేవాడు లేకుండా దళం సాగేది కాదు. దళాల చరిత్రలలో వీరి పేర్లు అరుదుగా కనిపిస్తాయి.

అధికారుల జీవితం దీనికి భిన్నం. 1896లో బెంగుళూరులోని 4వ హుస్సార్ల అధికారులు హైదరాబాదు వచ్చి గోల్కొండ పోలో కప్పు గెలుచుకున్నారు. వారిలో విన్‌స్టన్ చర్చిల్ ఒకడు. సామాన్య సైనికునికి మాత్రం ఎండకాలపు పగళ్ళు బారకాసులో, సాయంత్రాలు కాంటీనులో గడిచేవి. మద్యపానం, సుఖవ్యాధులు పెద్ద సమస్యలు. వీటి నివారణ పేరుతో 1864 కంటోన్మెంటు చట్టం కింద స్థానిక పేద స్త్రీలను నమోదు చేసి, నిర్బంధ వైద్యపరీక్షలకు గురిచేశారు. సైనికులకు అటువంటి నిర్బంధం లేదు. జోసెఫిన్ బట్లర్ తదితరుల ఉద్యమం తరువాత 1888లో బ్రిటిషు పార్లమెంటు దీనిని ఖండించింది.

ఆరోగ్యం

భారతదేశంలోని బ్రిటిషు సైనికులలో ఏటా వెయ్యికి సుమారు 69 మంది మరణిస్తున్నారని 1863 నాటి పారిశుధ్య సంఘపు నివేదిక తేల్చింది. కలుషితమైన నీరు, మురుగు, ఇరుకు బారకాసులు, మద్యం ఇందుకు కారణాలు. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఈ నివేదికకు వెన్నెముకగా నిలిచింది. తరువాతి దశాబ్దాలలో మరణాలు తగ్గినా, మలేరియా, టైఫాయిడ్ విడువలేదు. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్నది సికింద్రాబాదులోని బేగంపేటలోనే.

యుద్ధం, వృద్ధాప్యం

క్రిమియా యుద్ధంలో 1854 అక్టోబరు 25న బాలక్లావా వద్ద సుమారు 670 మంది తేలిక అశ్వికులు పొరపాటు ఆజ్ఞ వల్ల రష్యా ఫిరంగులకు ఎదురుగా దూకారు. దాదాపు 110 మంది మరణించారు. ఈ ఘటనపై కవితలు వెలువడి లోకప్రసిద్ధి పొందాయి. అయితే 1890 నాటికి ఆ వీరులలో బ్రతికి ఉన్న పలువురు తిండికి లేక బాధపడుతున్నారన్న వార్త బ్రిటనులో కలవరం కలిగించింది. దీర్ఘకాలం సేవ చేసినవారికే పింఛను దక్కేది. తక్కువ కాలం చేసి వచ్చినవారు తిరిగి కూలికో, పేదల ఆశ్రయాలకో చేరవలసి వచ్చేది.

బోయరు యుద్ధంలో (1899–1902) బ్రిటిషు పక్షాన మూడు లక్షలకు పైగా గుర్రాలు చనిపోయాయి. దూరం నుండి గురితప్పని తుపాకుల ముందు కత్తి, బల్లెం నిలవలేవని ఆ యుద్ధం చూపింది. విక్టోరియా మహారాణి 1901లో మరణించింది. ఆమె పేరిట షిల్లింగు పుచ్చుకున్న అశ్విక సైనికుని కాలం కూడా దాదాపు అప్పటితోనే ముగిసింది.